చెల్లని ఆమెన్

జకరయ్య ఉపదేశికి దేవుడు రెండు ఇచ్చాడు. ఒకటి మంచి గొంతు. రెండోది, ఆ గొంతు తనదేనన్న సంతోషం. మొదటిది పది మందికి పనికొచ్చింది. రెండోది ఒక పాలేన్ని ముంచింది.

ఆయన పుట్టింది బండి ఆత్మకూరు దగ్గర ఒక పల్లెలో. తండ్రి ఆసాముల ఎద్దులు తోలేవాడు. నంద్యాల మిషను బడిలో చదివి, అక్కడే ఉపదేశి పనికి తర్ఫీదు పొంది, డెబ్బై రెండులో పెళ్లాం రూతునూ ఒక ట్రంకు పెట్టెనూ వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు. ఆళ్లగడ్డలో దిగి కాలువ గట్టున నడిస్తే వచ్చే ఊరది. పేరు చెప్పను. చెబితే పక్క ఊళ్లవాళ్లు "మా ఊళ్లో జరగలేదా ఏం?" అని అలుగుతారు. ఊరికి తూర్పున క్రైస్తవుల ఇళ్లు, వాటి మధ్య రేకుల గుడి. దాన్నే అందరూ పాలెం అనేవాళ్లు. నంద్యాల నుంచి గురువుగారు నెలకొకసారి వచ్చి ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి పోయేవారు. మిగిలిన రోజులన్నీ, పెళ్లి మాటల దగ్గర్నుంచి పాము కాటు దాకా, పాలేనికి దిక్కు ఉపదేశే. అందుకే ఆయన్ను అయ్యగారూ అని పిలిచేవాళ్లు.

అయ్యగారు ప్రార్థన మొదలుపెడితే ఇంటికి పోయి సంకటి కెలికి రావచ్చని ఆడవాళ్లు మేలమాడేవాళ్లు. అంత పొడవు. ఆదాము నుంచి మొదలుపెట్టి, కాలువలో నీళ్లు, జొన్నచేలో పురుగు, ఢిల్లీలో ప్రధాని, ఎవరింట్లో ఎనుము ఈనింది, అన్నీ దేవుడికి విన్నవించేవాడు. మధ్యలో ఆయన గొంతు ఒక్కోచోట తగ్గి ఆగేది. ఆగిందంటే చాలు, నిద్రపోతున్నవాడు కూడా "ఆమెన్" అనేవాడు. అలవాటు. దేనికి అన్నామో ఎవరూ చూసుకునేవాళ్లు కాదు. అయ్యగారు అడిగింది మంచిదే అయివుంటుందని నమ్మకం.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. పాలెంలో మాట పట్టింపులు ఎక్కువ. మొక్కుకున్నది తీర్చకపోతే, ఇచ్చిన మాట తప్పితే, దేవుడు ఊరుకోడని గట్టి భయం. ఆ భయంలో ఎవరికి ఏ చిక్కొచ్చినా జకరయ్య దగ్గరికే వచ్చేవాళ్లు. ఒకసారి ముసలి జీవమ్మ జ్వరంలో పలవరిస్తూ గుడికి పొట్టేలు ఇస్తానని మొక్కింది. జ్వరం తగ్గింది. పొట్టేలు చచ్చిపోయింది. "అయ్యగారూ, మొక్కు చెల్తాదా, చెల్లదా?" అని ఏడుస్తూ వచ్చింది. "తెలివి లేకుండా అన్న మాట చెల్లదు జీవమ్మా, దేవుడు కోర్టు అమీనా కాదు" అన్నాడు జకరయ్య. ఆమె ఆ రాత్రి కడుపునిండా తిని పడుకుంది. అయ్యగారు చెల్లుతుందంటే చెల్లుతుంది, చెల్లదంటే చెల్లదు. ఒక మనిషికి అంతకంటే పెద్ద అధికారం ఏముంటుంది? ఆ సంగతి జకరయ్యకు తెలుసు. తెలిసి, లోపల్లోపల మీసం తిప్పుకునేవాడు.

ఊళ్లో అధికారం మాత్రం మిల్లు నాగేశ్వరరావుది. వేరుశనగ బుడ్డల మిల్లు ఆయనదే, ఎరువుల కొట్టు ఆయనదే, పాలకపార్టీకి ఆ చుట్టుపక్కల పెద్దా ఆయనే. సావుకారు అంటే చాలు, ఏ సావుకారు అని ఎవరూ అడగరు. ఊరికి సర్పంచి కూడా ఆయనే, అదీ ప్రతిసారీ ఏకగ్రీవంగా. ఏకగ్రీవం అంటే పుస్తకాల్లో అర్థం ఏదైనా, మాటను విరిచి చూస్తే ఒకటే మెడ అని. ఊరందరికీ కలిపి మెడ ఒకటే అయితే పట్టుకునేవాడికి ఎంత సులువు!

అసెంబ్లీకి, పార్లమెంటుకు ఎన్నికలు జరగలేదని మాత్రం ఎవరూ అనడానికి లేదు. బడిలో పోలింగు బూతు పెట్టేవాళ్లు, పోలీసులు వచ్చేవాళ్లు, తడికెల వెనక పెట్టె ఉండేది. పాలెం వాళ్లు తలకు నూనె రాసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని పోతే, సావుకారు మనుషులు గడపలోనే ఎదురొచ్చేవాళ్లు. "మీ వోట్లు పడిపాయప్పా. ఎండలో ఎందుకు నిలబడతారు, పోయి పని చూసుకోండి" అనేవాళ్లు ఎంతో దయగా. ఉత్త చేతులతో పంపడం మర్యాద కాదని వేలికి సిరా కూడా పూయించి పంపేవాళ్లు.

డెబ్బై ఆరులో ఒకరోజు జీపు వచ్చింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మగవాళ్లను పట్టుకుపోయే కాలం అది. కాదనడానికి పత్రికలకు నోరు లేదు, అడగడానికి ఎదుటి పార్టీ వాళ్లు బయట లేరు. పాలెంలో దొరికినవాళ్లను దొరికినట్టు ఎక్కించారు. జకరయ్యను కూడా. మిల్లు ముందు జీపు ఆగినప్పుడు సావుకారు లోపలికి తొంగిచూసి, "ఈయన మా అయ్యగారప్పా. దింపండి" అన్నాడు. జకరయ్య దిగాడు. పక్కన కూర్చున్న పాలెం కుర్రవాడు పౌలుకు అప్పటికి పెళ్లి కూడా కాలేదు. ఆ మాట ఒక్కటి సావుకారు చెవిన వేసి ఉండవచ్చు. వెయ్యలేదు. దిగిన కాలు మళ్లీ జీపు వైపు తిప్పాలంటే భయం వేసింది. జీపు పోయింది. సావుకారు ఆయన భుజం మీద చెయ్యేసి మజ్జిగ ఇప్పించాడు. ఆ మజ్జిగ తాగినందుకు తరువాత చాలా ఏళ్లు జకరయ్యకు సావుకారు ముందు మాట పెగల్లేదు.

ఎనభై ఒకటిలో మళ్లీ పంచాయతీ ఎన్నికలు వచ్చాయి.

ఆ ఏడు పాలేనికి ఒక బోరింగు మంజూరైంది. మంజూరైన బోరింగు తీరా చూస్తే మిల్లు గేటు ముందు లేచింది. పాలెం ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పోతే కాపలావాడు, "సావుకారును అడిగిరాపోండి" అన్నాడు. వాళ్లు మళ్లీ కాలువ నీళ్లకే పోయారు. పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. అప్పుడు బేల్దారి ఇస్సాకు సర్పంచి పదవికి నామినేషన్ వేశాడు.

ఇస్సాకు ముప్పై ఏళ్లవాడు, గోడలు కట్టే పని. చేతిలో తాపీ ఉంటే నోట మాట ఉండదు. అతనికి చదవడం, రాయడం నేర్పింది జకరయ్యే, గుడి వరండాలో, పలక పెట్టి. అతను నామినేషన్ వేశాడంటే మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మాక పాలెం మొత్తం ఒక్కటైంది. ఎగువ వీధి గొర్రెల కాపర్లు కూడా బోరింగు సంగతి విని మెల్లగా ఇటు మొగ్గారు. తలలు లెక్కపెట్టుకుంటే గెలిచేటట్టే ఉంది. ఆ ఊళ్లో ఎన్నిక అంటే తలలు లెక్కపెట్టుకోవడమని జనానికి తెలిసింది అప్పుడే.

సావుకారు చెయ్యవలసినవి చేశాడు. మిల్లులో బుడ్డలు ఏరే పనికి పాలెం ఆడవాళ్లను పిలవడం మానేశాడు. ఎన్నికలు ప్రశాంతంగా జరగాలని చెప్పి పోలీసులు పాలెం కుర్రవాళ్లను ఇద్దరిని ఆళ్లగడ్డ స్టేషన్లో కూర్చోబెట్టారు. పక్క ఊళ్లో ఒకాయన ఇట్లాగే నామినేషన్ వేసి మాయమయ్యాడు. నామినేషన్ ఉపసంహరణ కాగితం మాత్రం అతని సంతకంతో చేరింది. గడువు దాటాక కొత్త పంచెతో తిరిగొచ్చాడు. యాడికి పోయినావప్పా అని అడిగితే, "యాగంటికి పోయొచ్చినా" అన్నాడట నేల చూపులు చూస్తూ. అప్పటికప్పుడు భక్తి పుట్టించగల పార్టీ మరొకటి లేదు. ఆ కబురు తెలిసి పాలెం వాళ్లు ఇస్సాకును ఒంటరిగా వదల్లేదు. పనికి పోయినా చెంబు పట్టుకుని పోయినా పక్కన నలుగురు ఉండేవాళ్లు.

సోమవారం మూడు గంటలతో ఉపసంహరణ గడువు ముగుస్తుంది. ఆదివారం ఉదయం గుడి నిండా జనం. రెండో పాట సగంలో ఉండగా గడపలో చెప్పులు విడిచి సావుకారు లోపలికి వచ్చాడు.

పాట ఆగిపోయింది. ఆ ఊళ్లో ఆ గుడి లేచినప్పటి నుంచీ సావుకారు కుటుంబంలో ఎవరూ అందులో అడుగుపెట్టలేదు. జకరయ్య కుర్చీ తెమ్మని సైగ చేశాడు. సావుకారు వద్దని చెయ్యి ఊపి, నేరుగా వెళ్లి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అదీ ఇస్సాకు పక్కన. తల వంచుకున్నాడు కూడా. అది చూసి జకరయ్యకు గుండె పొంగింది. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ దాచి లాభం లేదు. ఈయన ఎందుకొచ్చాడన్న అనుమానం ఆయనకు రాలేదు. ఇవాళ నా ప్రార్థన సావుకారు వింటాడు అన్న ఆలోచనే వచ్చింది.

ప్రసంగం ముగిశాక, ఎప్పటిలాగే, "ఎవరికైనా ప్రార్థన మనవులుంటే చెప్పండి" అని అడిగాడు. జీవమ్మ మోకాళ్ల నొప్పులు చెప్పింది. స్టేషన్లో ఉన్న కుర్రవాళ్ల తల్లులు కళ్లు ఒత్తుకున్నారు. అప్పుడు సావుకారు చెయ్యెత్తాడు.

"నాదొక మనవి అయ్యగారూ. ఊరు చీలకూడదు. ఊరంతా ఒక మాట మీద నిలబడల్ల. అంతే, ఇంగేమీ వద్దు."

ఎంత చిన్న మనవి! ఎవరు కాదంటారు? జకరయ్య కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు గొంతు ఎన్నడూ లేనంత బాగా పలికింది. మాటలు వాటంతట అవే తోసుకొచ్చాయి. ఊరిని ఒకే కట్టుగా కట్టమన్నాడు. పాలెం ఆమెన్ అంది. పగలూ చీలికలూ ఈ నేల మీద లేకుండా తుడవమన్నాడు. ఆమెన్. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. నోరు ముందు పోతుంటే బుద్ధి వెనక నడుస్తోంది. ఎదురుగా పెద్దమనిషి ఉన్నాడు, ఆయన చెవికి ఇంపుగా ఇంకొకటి అనాలనిపించింది. "తండ్రీ, ఈ ఊరికి కాపరిగా నీవు నిలబెట్టిన నీ దాసుని, నాగేశ్వరరావు గారిని, ఆ స్థలంలోనే స్థిరపరచుము" అన్నాడు. గొంతు తగ్గించి ఆగాడు.

పాలెం మొత్తం ఆమెన్ అంది. ఇస్సాకు కూడా అన్నాడు. అందరికంటే కొంచెం ఆలస్యంగా, తల వంచుకునే అన్నాడు.

కళ్లు తెరిచేసరికి సావుకారు లేచి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బడిపిల్లవాడు అడిగినంత వినయంగా అడిగాడు.

"అయ్యగారూ, తెలీక అడుగుతాండా. ఆమెన్ అంటే ఏందీ? మేము తథాస్తు అంటామే, అట్లాంటిదేనా?"

జకరయ్యకు చెప్పడమంటే ఇష్టం. "అంతే సావుకారూ. అట్లే జరుగును గాక అని. ఉత్త మాట కాదు. దేవుని ముందర ఒప్పుకున్న మాట" అన్నాడు.

"దేవుని ముందర ఒప్పుకున్న మాట" అని సావుకారు నెమ్మదిగా తిరిగి అన్నాడు, అందరికీ వినబడేట్టు. "చాల సంతోషమప్పా. అందరూ ఒప్పుకున్యారు. ఇస్సాకూ, నువ్వూ అన్యావు, పక్కనే కూచోని ఇన్యా. ఇంగ నాకు గొడవ లేదు." ఒక దండం పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

 అప్పుడు జకరయ్యకు తాను చేసింది అర్థమైంది. తన నోటితోనే ప్రార్థించాడు, తన నోటితోనే అర్థం చెప్పాడు. కోడిని పట్టుకొచ్చి, కత్తి కూడా నూరి ఇచ్చాడు.

జీవమ్మే మొదట లేచింది. "అయ్యగారూ, మరి ఆ ఆమెన్ చెల్తాదా, చెల్లదా?"

అందరూ ఆయన వైపే చూశారు. ఇస్సాకు కూడా చూశాడు. పాలెం వాళ్లు సావుకారుకు భయపడలేదు, పనులు పోయినా, పోలీసులొచ్చినా. దేవుడికి భయపడతారు. ఒప్పుకున్నాక ఎదురు వోటు వేస్తే మాట తప్పినట్టే అవుతుంది. చెల్లదు అన్న మూడక్షరాల మాట ఒక్కటి అయ్యగారి నోట వస్తే ఆ ముడి ఊడిపోతుంది. మోసంతో రాబట్టిన మాట దేవుడి లెక్కలోకి రాదని జకరయ్యకు బాగా తెలుసు. జీవమ్మ పొట్టేలుకు చెప్పినవాడు దీనికి చెప్పలేడా?

"రేపు చెప్తా. ప్రార్థన చేసి చెప్తా" అన్నాడు.

ఇంట్లో రూతు రొట్టెలు కాలుస్తూ తల ఎత్తకుండానే అంది, "చెల్లదని చెప్పడానికి ప్రార్థన ఎందుకు? ఆకలైతే అన్నం తినాల్నా అని దేవున్ని అడుగుతామా?"

"నీకు తెలీదు. ఈ ఇల్లు ఆయన చేన్లో ఉండాది. రేపు పొమ్మంటే యాడికి పోతాం?"

"ఇస్సాకు యాడికి పోతాడు మరి?"

 ఆయన తుంచిన రొట్టె మళ్లీ పళ్లెంలోనే పెట్టి లేచాడు.

సోమవారం పొద్దున్నే గుడి ముందు ఎద్దుల బండ్లు వచ్చి ఆగాయి. బండ్ల నిండా బేతంచర్ల నాపరాళ్లు. గుడి మట్టి నేలకు బండలు పరిపించాలని జకరయ్య నంద్యాలకు ఎన్ని అర్జీలు పెట్టుకున్నాడో ఊరందరికీ తెలుసు. "సావుకారు పంపినాడు. దేవుని పనికి" అన్నాడు మిల్లు గుమాస్తా ఓబయ్య. అతని పక్కన పోలీసు ఒకడు బండి చక్రానికి ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. అతనేమీ అనలేదు. అనవలసిన అవసరం కూడా లేదు.

పాలెం వాళ్లు ఒక్కొక్కరే వచ్చి బండ్ల చుట్టూ నిలబడ్డారు. ఇస్సాకు వచ్చాడు, భుజం మీద తువ్వాలతో. ఈసారి జీవమ్మ కాదు, అతనే అడిగాడు.

"చెప్పండి అయ్యగారూ. చెల్తాదా?"

జకరయ్య ఓబయ్యను చూశాడు. పోలీసును చూశాడు. రాళ్లను కూడా చూశాడు, అదే ఆయన్ను తరువాత ఎక్కువ కాల్చింది. భయంతోనే అన్నానని తనను తాను ఓదార్చుకోవడానికి వీల్లేకుండా, ఆ నిమిషంలో ఆయన కంటికి ఆ రాళ్లు నున్నగా, అందంగా కనిపించాయి.

"ఆమెన్ అంటే ఆమెనే ఇస్సాకూ. దేవుని ముందర అన్న మాటను మనిషి తిప్పలేడు."

 ఏసమ్మ, ఇస్సాకు పెళ్లాం, ఒక్కసారి "అయ్యగారూ!" అని, కొంగు నోట్లో కుక్కుకుంది. ఇస్సాకు ఉపదేశి ముఖంలోకి చాలాసేపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఏదో ఇంకా వస్తుందేమోనని కాచుకున్నట్టు చూశాడు. ఏమీ రాకపోయేసరికి తువ్వాల దులిపి భుజాన వేసుకుని, ఆళ్లగడ్డ దారి పట్టాడు. మూడు గంటల లోపే సంతకం పెట్టి వచ్చాడు.

ఊరు మళ్లీ ఏకగ్రీవమైంది. సావుకారు మెడ నిండా దండలు. మాది గొడవల్లేని ఊరని, ఇక్కడ ప్రజలంతా పార్టీ వెంటే ఉన్నారని నంద్యాల మీటింగులో చెప్పుకున్నారు. అందులో అబద్ధం ఏముంది? ఒక్క దెబ్బ పడలేదు, ఒక్క వోటు చెడిపోలేదు. అసలు వోటే పడలేదు.

బండలు పరిచేవాడు పాలెంలో ఇస్సాకు ఒక్కడే. అతనే పరిచాడు. నీళ్లమట్టం పెట్టి చూసి, ఎక్కడా ఎత్తుపల్లం లేకుండా, ఒక్కొక్క రాయీ తట్టి తట్టి కూర్చోబెట్టాడు. జకరయ్య మజ్జిగ తెచ్చి ఇస్తే తీసుకుని తాగాడు, మాట్లాడాడు, అయ్యగారూ అనే పిలిచాడు. నవ్వుకూ లోటు లేదు. అందుకే జకరయ్యకు మరీ కష్టమైంది. తిడితే ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. తిట్టనివాడికి ఏం చెబుతాడు?

పాలెం కూడా అంతే. ఆదివారాలు గుడికి వచ్చారు, పాటలు పాడారు, పండక్కి పిండివంటలు పంపారు. ఒక్కటే మారింది. చెల్తాదా, చెల్లదా అని ఆయన్ను మళ్లీ ఎవరూ అడగలేదు. మొక్కుల చిక్కులు వస్తే నెలకొకసారి వచ్చే గురువుగారి కోసం కాచుకునేవాళ్లు, లేదా నంద్యాల బస్సెక్కేవాళ్లు. జీవమ్మ చనిపోయే ముందు కూడా, ఏదో మనసులో ఉన్నది అడగాలని, "గురువుగారు ఎప్పుడొస్తారమ్మా?" అని రూతును అడిగింది. జకరయ్య అదే మంచం పక్కన కూర్చుని ఉన్నాడు.

ఎనభై మూడులో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. పెద్ద పార్టీ పోయి కొత్త పార్టీ వచ్చింది. ఆళ్లగడ్డలో జనం టపాకాయలు కాల్చారు. పాలెంలో పౌలు ఎగిరి గంతులు వేశాడు. కొద్ది నెలలకు సావుకారు మిల్లు మీద జెండా రంగు మారింది. మిల్లు మారలేదు, బోరింగు చోటు మారలేదు, స్టేషన్లో కూర్చోబెట్టేవాళ్లూ మారలేదు. పౌలు గంతులు మానేశాడు.

ఎనభై ఎనిమిదిలో మళ్లీ పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఏడేళ్లుగా జకరయ్య ఆ రోజు కోసమే ఉన్నాడు. సావుకారు మళ్లీ గుడికి వస్తాడు, ప్రార్థన చెయ్యమంటాడు, అందరి ముందూ నేను చెయ్యను అంటాను. ఆ మాటను దారిలో, పొలం గట్టున, స్నానం చేస్తూ, ఎన్నిసార్లు అనుకున్నాడో. రూతుకు కూడా చెప్పాడు. "అనండి. అంటే చూద్దాం" అంది ఆమె.

సావుకారు రాలేదు. ఒక ఆదివారం గడిచింది, గడువు రోజు దగ్గరపడింది, ఆయన ఊసే లేదు. ఆగలేక జకరయ్యే మిల్లుకు వెళ్లాడు. సావుకారు వయసు మీద పడి, పడక కుర్చీలో కాళ్లు చాపుకుని ఉన్నాడు.

"సావుకారూ, ఈసారి నేను ప్రార్థన చెయ్యను. ముందే చెప్పి పోదామని వస్తి" అన్నాడు. 

సావుకారుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పగలబడి నవ్వాడు. "ఏం ప్రార్థన అయ్యగారూ? ఎవురన్నా పోటీ ఉంటే గదా! ఎవుడూ నామినేషనే ఎయ్యల్యా. కూచో, మజ్జిగ తాగి పో."

ధైర్యం వచ్చింది, దాంతో పని లేనప్పుడు. అంతకు ముందు ఏడేళ్లలో పాలెంలో ఇంకొక ఇస్సాకు పుట్టకుండా చేసింది పోలీసులూ కాదు, మిల్లూ కాదు. ఆ సంగతి మిల్లు మెట్లు దిగుతుంటే ఆయనకు తెలిసింది. పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, తువ్వాలతో మొహం కప్పుకుని ఇంటికి నడిచాడు.

ఆ మరుసటి ఏడు ఆయన్ను నంద్యాలకు మార్చారు. మిషను కాంపౌండులో ఒక గది ఇచ్చి, ఆఫీసులో చిన్న పని ఇచ్చారు. ఒకరోజు కాంపౌండు వెనక కొత్త గోడ కడుతున్నారంటే చూద్దామని వెళితే, ఇస్సాకు. తల సగం నెరిసింది. తాపీ చేతిలో అట్లాగే ఆడుతోంది.

"బాగుండారా అయ్యగారూ?" అన్నాడు ఇటుక పెడుతూ.

జకరయ్య ఇంట్లోకి పోయి చెంబుతో నీళ్లు తెచ్చాడు. ఇస్సాకు తాగి, చెంబు తిరిగి ఇచ్చాడు. ఎనిమిదేళ్లుగా గొంతులో ఉన్నది ఇంక ఆగలేదు.

"ఇస్సాకూ, ఆ పొద్దు నేను చెప్పింది తప్పప్పా. ఆ ఆమెన్ చెల్లదు. నాకు అప్పుడే తెలుసు. ఆదివారమే తెలుసు. తెలిసే చెప్పినా."

ఇస్సాకు ఇటుక మీద సున్నం పరిచాడు. మిగిలింది తాపీతో చెక్కి తీసేశాడు.

"నాకూ తెలుసు అయ్యగారూ."

జకరయ్యకు అర్థం కాలేదు. "తెలిస్తే ఎందుకు పోతివి? ఎందుకు సంతకం పెడితివి?"

"మీరు అందరి ముందరా చెల్తాదంటిరి. నేను చెల్లదని నిలబడితే, మా అయ్యగారు సావుకారుకు అమ్ముడుపాయ అని పాలేనికంతా తెలిసిపోతాది." ఇంకో ఇటుక తీసుకుని, చేతిలో తిప్పి చూసి, పెట్టాడు. "నాకు అచ్చరాలు నేర్పింది మీరు. మిమ్మల్ని అంత మాట ఎట్లా అనిపిస్తా? పోయి సంతకం పెట్టొస్తి."

జకరయ్య నోరు తెరిచాడు. ఆ గొంతులో నుంచి ఏ శబ్దమూ రాలేదు. కళ్లలో నీళ్లు ఇస్సాకుకు కనబడకూడదని గోడకు అటువైపు వెళ్లి నిలబడ్డాడు. గోడ ఇంకా మోకాలి ఎత్తే లేచింది.